ఈగ మరకతో సహా

మా మామయ్యకు ఉన్నది ఒకే ఒక్క జబ్బు. ఏది చూసి ఏది చేసినా ఉన్నది ఉన్నట్టు దించుతాడు. అదీ ఒక జబ్బేనా, నేర్పు కదా అంటారు ఆయన్ని ఎరగనివాళ్ళు. ఎరిగినవాళ్ళు అనరు. ఎందుకంటే మామయ్య దృష్టిలో ఉన్నదంటే బాగున్నది ఒక్కటే కాదు. వంకర, పగులు, మరక, చెమ్మ, ఈగ వాలి చేసిపోయిన పని, సమస్తం. వాటిల్లో ఏ ఒక్కటి తప్పిపోయినా ఆయనకు ఆ పూట తిండి సహించదు.

ఆయన వృత్తి కట్టుడు పళ్ళు చెయ్యడం. పళ్ళ డాక్టర్లు నోట్లో అచ్చు తీసి పంపిస్తే, ఇంటి వెనక గదిలో మైనం, చిన్న దీపం, సన్నటి చాకులు ముందు పెట్టుకుని పళ్ళు చెక్కేవాడు. ఆ గదిలో గోడల నిండా అరలు, అరల నిండా దవడలు. మనుషుల్లేని నవ్వులు. చిన్నప్పుడు ఆ గదిలోకి తొంగిచూసినప్పుడల్లా, ఎవరో అప్పుడే జోకు చెప్పి వెళ్ళిపోయారని, నేను ఒక్క నిమిషం ఆలస్యంగా వచ్చానని అనుకునేదాన్ని.

లోకంలో ఎవరైనా కట్టుడు పళ్ళు పెట్టించుకునేటప్పుడు, పోయినవాటికంటే ఒక పిసరు మంచివి వస్తాయని ఆశపడతారు. మామయ్య దగ్గర ఆ పప్పులు ఉడికేవి కావు. ఒకసారి ఒక రిటైరైన బ్యాంకు మేనేజరు పళ్ళ సెట్టు గుప్పిట్లో పట్టుకుని మండిపడుతూ వచ్చాడు.

"ఏవండీ, ఇవేం పళ్ళండీ? ముందు రెండింటికీ మధ్య ఇంత సందు పెట్టారు!"

"మీ పాత ఫోటో చూసే పెట్టాను సార్. మీకు సందు ఉండేది."

"ఉండేది! పోయింది! పీడా వదిలిందనుకుంటే మళ్ళీ డబ్బిచ్చి కొనుక్కోవాలా?"

"సందుకి డబ్బు తీసుకోలేదు సార్. పళ్ళకే తీసుకున్నాను."

ఆయన తిట్టుకుంటూ వెళ్ళాడు. కొన్నాళ్ళకు మళ్ళీ వచ్చాడు. సెట్టు మార్చమంటాడేమోనని మామయ్య భుజాలు బిగించుకుని కూచున్నాడు. మేనేజరు గుమ్మంలోనే నిలబడి ఒక పాట మొత్తం ఈలవేసి వినిపించి వెళ్ళిపోయాడు. సందు పోయినప్పుడే ఆయనకు ఈల కూడా పోయిందట.

నా సంగతి అలా సుఖాంతం కాలేదు. కాలేజీలో ఉండగా సైకిలు మీంచి పడి ముందు పన్ను విరగ్గొట్టుకున్నాను. ఆ పన్ను పుట్టినప్పటినుంచీ పక్కదాని మీదికెక్కి కూచునేది. దాని మూలంగా ఫోటోల్లో నోరు మూసుకుని బతికినదాన్ని, ఇదే అదననుకున్నాను.

"మామయ్యా, ఎలాగూ కొత్తది పెడుతున్నావు కదా, కాస్త తిన్నగా పెట్టు."

"చూద్దాంలే" అన్నాడు మామయ్య.

పెట్టాక అద్దంలో చూసుకుంటే ఏముంది! అదే పన్ను, అదే ఎక్కుడు. నేను ఏడుపు లంకించుకుంటే, "ఎక్కి కూచునేది కదే నీ పన్ను. అలవాటైన చోటు పాపం" అన్నాడు. యూనివర్సిటీలో చదువుకుని, పుస్తకాలు రాసి, సభల్లో మాట్లాడి, ఇంతదాన్నయ్యాక కూడా నేను నవ్వితే ముందుగా నవ్వేది ఆ పన్నే.

ఆయనతో కబురు పంపడం కూడా ప్రమాదమే. మా అమ్మ ఆయనకు అక్క. ఒకసారి తమ్ముడితో "పెద్దత్తతో చెప్పు, ఆదివారం రాలేనని" అని, పక్కకు తిరిగి "ఆ మెట్లెక్కలేక చావాలి, ఎక్కినందుకు ఆ చల్లారిన టీ ఒకటి" అని గొణుక్కుంది. మామయ్య వెళ్ళాడు. "ఆదివారం రాలేనంది" అని చెప్పాడు. తర్వాత పక్కకు తిరిగి మిగతాది కూడా చెప్పాడు. గొణుగుడుతో సహా. పెద్దత్త మా గుమ్మం తొక్కి చాలాకాలమైంది.

అసలు కథ ఒక బొమ్మది. అమ్మమ్మ మామయ్య దగ్గరే ఉండేది. హాల్లో ఆవిడ కుర్చీకి ఎదురుగా గోడమీద ఒక పాత నూనె రంగుల బొమ్మ. తాతయ్య ఎప్పుడో పాత సామాన్ల దుకాణంలో ఫ్రేము చూసి ముచ్చటపడి కొన్నాడు. బొమ్మ దానితోపాటు వచ్చింది. వేసినవాడెవడో తెలీదు. ఒక మట్టి బాట, బాట పక్కన నీళ్ళు నిలిచిన గుంట, గుంట ఒడ్డున రెండు ఆవులు. దూరంగా పొగమంచులో ఒక చిన్న ఇల్లు, దాని పొగగొట్టంలోంచి సన్నటి పొగ. పై సగమంతా ముసురుకొచ్చిన మబ్బు. ఎడమవైపు కింది మూల ఒక నల్లటి తుప్ప. వీటన్నిటిమీదా ముదురు టీ రంగులో ఒక సాయంత్రం.

రోజూ దీపాలు పెట్టేవేళకు అమ్మమ్మ ఆ బొమ్మ ముందు కూచుని ఒకటే గొడవ.

"వాన వచ్చేస్తోంది. ఆ ఆవుల్ని తోలుకెళ్ళే దిక్కు లేదు. ఆ ఇంట్లోవాళ్ళు చూడు, పొయ్యి రాజేసుకుని వెచ్చగా లోపల కూచున్నారు. ఒక్కడికైనా బుద్ధుందా?"

"అమ్మమ్మా, అది బొమ్మ."

"బొమ్మైతే ఆవులు తడవవా?"

దీనికి జవాబు నాకు యూనివర్సిటీలోనూ దొరకలేదు.

కళ్ళకు శుక్లాల ఆపరేషన్ కోసం అమ్మమ్మ మా ఇంటికొచ్చింది, ఆస్పత్రి మాకు దగ్గరని. కళ్ళు బాగానే వచ్చాయి. కొత్త కళ్ళొచ్చిన సంబరంలో మా మెట్లు గబగబా దిగబోయి తుంటి విరగ్గొట్టుకుంది. ఇక నెలల తరబడి మంచమే. సరిగ్గా ఆ రోజుల్లోనే మామయ్యకు బొమ్మల పిచ్చి పట్టింది.

మా ఊళ్ళో ఒక బొమ్మల మేష్టారున్నారు. కాగితాల దుకాణం పైన ఆయన గది. గోడలకు పాతకాలపు పల్లెబొమ్మలు, వాటి ఎదురుగా స్టాండ్లు, స్టాండ్ల వెనక రంగులు పూసుకున్న శిష్యులు. ఆయన పద్ధతి ఒకటే: పాతవాళ్ళు వేసినవి చూసి వెయ్యి, వేసివేసి చెయ్యి తిరిగాక నీ సొంతం మొదలుపెట్టు. చూసి దించడమనగానే మా మామయ్యకు పుట్టింటికి వెళ్ళినట్టయింది. పళ్ళ పని పక్కనపెట్టి రోజూ అక్కడే. ఈ వైభోగం చూద్దామని ఒకరోజు నేనూ వెళ్ళాను.

మేష్టారు కళ్ళు అరమోడ్చి చెబుతున్నారు. "బొమ్మంటే గీతలూ రంగులూ కాదండీ. ఆత్మ! ఈ మబ్బులో చిత్రకారుడి ఆత్మ తొణికిసలాడుతోంది. దాన్ని పట్టుకోండి."

ఆత్మ అన్న మాట వినపడితే నేను గదిలో తలుపెక్కడుందో చూసుకుంటాను. మామయ్యకు ఆ బాధ లేదు. ఆయన బొమ్మకు జానెడు దూరంలో ముక్కు పెట్టి నిలబడ్డాడు.

"పట్టుకుంటానండి. ముందు ఈ మబ్బు పక్కన ఈగ మరకుంది. ఇది నలుపంటారా, ముదురు గోధుమంటారా?"

"అది ఈగ పెట్టిందండీ! చిత్రకారుడు పెట్టింది కాదు!"

"ఎవరు పెడితేనేం, ఉంది కదండీ."

మేష్టారు నాకేసి చూశారు, మీవాడేనా అన్నట్టు. నేను పైకప్పుకేసి చూశాను.

అయినా ఆయన ఓర్పు గొప్పది. నూనె రంగుల్లో సాయంత్రం ఎలా వస్తుందో విడమరిచి చెప్పారు. అడుగున చిక్కటి రంగు వేసి, అది ఆరాక, నూనెలో పల్చగా కలిపిన రంగు గాజులాగా పైన పూయాలి. అది ఆరాక మరో పూత. అలా పూతమీద పూత పడుతుంటే అడుగు రంగు లోపల్నుంచి వెలుగుతుంది. దూరంగా ఉన్నవాటికి పూతలు ఎక్కువ, అందుకే అవి మంచులో ఉన్నట్టుంటాయి.

మామయ్య ముఖం వెలిగిపోయింది. "అంటే పన్ను లాగే! లోపలంతా పసుపు, పైన గాజు పొర. ముందే చెప్పరేం?"

ఆ రోజునుంచి ఆ గదిలో రంగుల పేర్లు మారిపోయాయి. పన్నుకు పన్ను కలపడానికి మామయ్య దగ్గరొక రంగుల పట్టీ ఉండేది. తెలుపునుంచి గోధుమ దాకా వరసగా గుచ్చిన నమూనా పళ్ళు. దాన్ని గోడమీది ఆకాశాలకు ఆనించి చూసేవాడు. "ఈ మబ్బు అంచు పాలపన్ను. మధ్యలో టీ తాగే టీచరు. కింద నీళ్ళ దగ్గర పచ్చి పొగాకు." తోటి శిష్యులు మొదట నవ్వారట. తర్వాత తర్వాత "మీ పొగాకు కాస్త ఇటివ్వండి" అని అడిగి కలుపుకోవడం మొదలుపెట్టారట.

ఆవులు మాత్రం ఏడిపించాయి. కాళ్ళు బల్ల కాళ్ళలా, తోక తాడులా వచ్చేవి. దవడ ఒక్కటి అద్భుతంగా కుదిరేది. నోరు మూసుకుని నెమరేస్తున్న ఆవుకు లోపల ఎన్ని పళ్ళున్నాయో బయటనుంచి చెప్పెయ్యొచ్చు.

ఒక సాయంత్రం ఇద్దరం బస్సులో పక్క ఊరినుంచి వస్తున్నాం. కిటికీ బయట పొలాలు, పొలాల మీద మంచు, నీళ్ళలో ఎర్రటి ఆకాశం. దూరంగా నిజం ఆవులు కూడా ఉన్నాయి.

"మామయ్యా, చూడు చూడు! నీ బొమ్మే!"

ఆయన జేబులోంచి పళ్ళ పట్టీ తీసి, కిటికీలోంచి చెయ్యి చాపి, పొలాలకు పట్టి చూశాడు. ముందు సీటావిడ వెనక్కి తిరిగి చూసి, తన పిల్లని ఒళ్ళోకి లాక్కుంది.

"ఊహుఁ" అన్నాడు మామయ్య పట్టీ జేబులో పెట్టుకుంటూ. "మరీ శుభ్రంగా ఉంది."

వారానికోసారి అమ్మమ్మను చూడ్డానికి మా ఇంటికొచ్చేవాడు. ఆయన కంటే ముందు రంగుల నూనె వాసన వచ్చేది.

"ఏంట్రా ఈ కంపు?"

"నూనె అమ్మా."

"ఇంటి దగ్గర నా బొమ్మెలా ఉందిరా?"

"ఫ్రేము బాగుందమ్మా."

"బొమ్మరా?"

"మేకు కూడా గట్టిగా ఉంది."

మామయ్యకు అబద్ధమాడటం రాదు. ఉన్నదాన్ని మార్చి చెప్పడం ఆయన ఒంటికి పడదు. అందుకని నిజంలోనే ఒక మూలకు వెళ్ళి నిలబడతాడు. అది తెలిసి కూడా, ఫ్రేమూ మేకూ బాగున్నాయంటే మధ్యలోది ఏమైందని నాకు తట్టలేదు. ఎంతసేపూ ఈ బొమ్మల పిచ్చిమీద ఏం రాద్దామా అన్న ధ్యాసే.

ఒకసారి ఉన్నట్టుండి అడిగాడు. "అమ్మా, నీ బొమ్మలో ఎడమ మూల తుప్ప మీద నీళ్ళ మరకుంది చూడు. అది గుండ్రంగా ఉంటుందా, కోలగా ఉంటుందా?"

అమ్మమ్మ దిండుమీంచి తల తిప్పి, కొత్త కళ్ళతో కొడుకుని ఎగాదిగా చూసింది.

"తుప్పేంట్రా?"

"ఎడమ మూలమ్మా. తుప్ప."

"అక్కడ తుప్పెక్కడిది? మనిషి కదూ ఉంటాడు."

మామయ్య నోరు తెరిచాడు. "మనిషా?"

"ఆఁ. గొడుగేసుకుని, ఆవుల్ని తోలుకెళ్ళడానికి వస్తుంటాడు. ఇన్నేళ్ళూ ఆ ఇంట్లోనే ఉన్నావు, ఆ మాత్రం చూసుకోలేదూ?"

వంటింట్లో మా అమ్మ నాకు సైగ చేసింది, పెద్దదానికి మతి జారుతోందని. నాకూ అలాగే అనిపించింది. నేను పుట్టిన దగ్గర్నుంచీ చూస్తున్న బొమ్మ అది. అందులో మనిషి లేడు. ఉన్నది తుప్పే. మామయ్య ఆ రోజు టీ సగంలో వదిలేసి వెళ్ళిపోయాడు.

ఆ తర్వాతే గొడవ ముదిరింది. అమ్మమ్మ కర్ర పట్టుకుని నడుస్తోంది, ఇంటికెళ్ళొచ్చని డాక్టరు చెప్పేశాడు. అమ్మ సంతోషంగా తమ్ముడికి ఫోను చేసింది, నేను పక్కనే ఉన్నాను.

"ఒరేయ్, ఆదివారం అమ్మను తీసుకొస్తున్నాం."

"అక్కా, ఇంకో పది రోజులు ఉంచుకో."

"ఏం?"

"ఆరలేదు."

"ఏం ఆరలేదురా?"

"అది చెప్పలేను."

అమ్మ ఫోను పెట్టేసిన చప్పుడుకి గోడ గడియారం అదిరింది. తల్లిని చూసుకోవడం ఆవిడకు బరువు కాదు. ఇన్ని నెలలూ ఒక్కరోజు విసుక్కోలేదు. కానీ కన్నకొడుకు నోటివెంట 'ఉంచుకో' అన్న మాట విన్నాక ఆగలేకపోయింది. "వీడికి తల్లికంటే ఆవులు ఎక్కువయ్యాయే! ఇల్లెప్పుడు చేరతానా అని ఆవిడ రోజులు లెక్కపెట్టుకుంటుంటే, వీడికి రంగులు ఆరలేదట!" అమ్మమ్మ పక్కగదిలో అంతా వింటూనే ఉంది. గోడవైపు తిరిగి పడుకుంది. ఆ పడుకోవడం చూసి అమ్మకు ఇంకా మండింది. నాకూ మండింది. ఆయన్ని కడిగిపారేద్దామని అప్పటికప్పుడు బయల్దేరాను.

తలుపు తీసింది కోడలు. మా బావ పెళ్ళాం, కొత్తగా వచ్చిన పిల్ల. బావ ఉద్యోగం తిరుగుళ్ళది, నెలలో సగం ఊళ్ళో ఉండడు. ఇంట్లో ఈ పిల్లా మామయ్యే. నన్ను చూడగానే ఆ అమ్మాయి ముఖం సున్నం కొట్టినట్టయింది.

"వదినా, మీరా…"

"ఏడీ మీ మామగారు?" అని ఆ పిల్లని దాటి హాల్లోకి వెళ్ళి, నిలబడిపోయాను.

పైన ఫ్యాను, కింద రెండు టేబులు ఫ్యాన్లు, అన్నీ గోడవైపు తిరిగి గిర్రున తిరుగుతున్నాయి. గోడమీద అమ్మమ్మ సాయంత్రం. అదే బాట, అవే ఆవులు, అదే టీ రంగు. దాని కింద కుర్చీలో ఇంకో బొమ్మ. అదే బాట, అవే ఆవులు. కానీ పట్టపగలు! ఆకాశం నీలంగా మెరిసిపోతోంది. మంచు లేదు, మబ్బు లేదు. దూరపు ఇల్లు నాలుగడుగులు ముందుకొచ్చి నిలబడింది. పొగగొట్టం ఉంది, పొగ లేదు. ఎడమ మూలన ఏమీ లేదు, రంగు లేచిపోయి ఉత్త గుడ్డ. పైకీ కిందికీ చూస్తుంటే ఆపరేషను అమ్మమ్మకి కాదు, నాకే అయిందేమో అనిపించింది.

వెనకనుంచి సన్నటి గొంతు. "నేనే కడిగాను వదినా."

"ఏం కడిగావు?"

"బొమ్మ. మామ్మగారు కొత్త కళ్ళతో వస్తారు కదా, బొమ్మ కూడా తళతళలాడుతుంటే సంతోషిస్తారని… సోడా సబ్బు పెట్టి రుద్దాను. ముందు మబ్బు పోయింది. మురికి వదుల్తోందనుకున్నాను. తర్వాత మంచు పోయింది. ఎంత తెల్లగా వస్తోందో అని ఇంకా రుద్దాను. మూలన తుప్ప కూడా పోయాక, అప్పుడు భయమేసింది."

నాకు నవ్వు ముంచుకొచ్చింది. ఆ పిల్ల కళ్ళు చూసి మింగేశాను.

"మామయ్య ఏమన్నాడు?"

"వచ్చి చూశారు. చాలాసేపు చూశారు. తిడతారనుకున్నాను. 'ఏ సబ్బమ్మా?' అన్నారు. చెప్పాను. 'బాగా పనిచేసింది' అన్నారు. మర్నాడే వెళ్ళి మేష్టారి దగ్గర చేరారు."

మామయ్య వెనక గదిలోంచి వచ్చాడు, చెవిమీద కుంచె, చేతిలో బావ పెళ్ళి ఫోటో. ఆ ఫోటోలో అమ్మమ్మ కెమెరా కోసం కుర్చీ ఇటు తిప్పుకుని కూచుని ఉంది, వెనక గోడమీద బొమ్మ. అడుగు గీతలకు కడిగిన బొమ్మ, పైన సాయంత్రానికి ఈ ఫోటో. అమ్మమ్మ తల మాత్రం సరిగ్గా ఎడమ మూలకు అడ్డం. తుప్ప ఆకారం గుర్తుందిట. దానిమీది మరక గుండ్రమో కోలో గుర్తు రాక నిద్రపట్టలేదట.

అప్పుడర్థమైంది నాకు. మేష్టారు ఆత్మ పట్టుకోమంటుంటే ఈయన ఈగ మరకలు పట్టుకున్నాడని ఇన్నాళ్ళూ ఊరంతా నవ్వుకున్నాం. ఆయన ఆ గదికి వెళ్ళింది మురికి నేర్చుకోవడానికి. మబ్బులు ఎవరైనా వేస్తారు. అమ్మమ్మ రోజూ చూసిన మరక, రోజూ చూసిన పగులు, రోజూ చూసిన మసి, అవి కావాలి ఆయనకు. లేకపోతే గుమ్మంలో అడుగుపెట్టగానే ఆవిడ పట్టేస్తుంది, అందులోనూ కొత్త కళ్ళు.

"ఒక్క మాట చెప్పొచ్చుగా మామయ్యా? అమ్మ ఎంత బాధపడిందో తెలుసా?"

"చెప్తే అక్క అమ్మకు చెప్తుంది. అమ్మ ఈ పిల్లని ఒక్క మాటా అనదే. అనకుండా రోజూ ఆ గోడకేసి చూస్తుంది. అలా చూస్తుంటే ఈ పిల్ల రోజూ చూడాలి." ఆగి, "కొత్తగా వచ్చిన పిల్ల" అన్నాడు.

నేను గోడమీది సాయంత్రానికి దగ్గరగా వెళ్ళాను. ఈగ మరకలున్నాయి. ఆకాశంలో వెంట్రుకవాసి పగులుంది, అది కూడా రంగుతో వేసిందే. అక్కణ్ణుంచి ఎడమ మూలకు వచ్చాను. గొడుగేసుకుని ఒక మనిషి ఆవులవైపు వస్తున్నాడు. చిన్నవాడు, బొటనవేలంత. ముఖం కనపడదు. దవడ మాత్రం బాగా కుదిరింది.

"మామయ్యా! అక్కడ తుప్ప కదా ఉండేది!"

"ఊఁ."

"అమ్మమ్మేదో మతిమరుపుతో అంటే…"

"మతిమరుపా? మీ అమ్మమ్మకా?" అని కుంచె తీసి గుడ్డకు తుడుచుకున్నాడు. "ముందు తుప్పే వేశాను. బ్రహ్మాండంగా వచ్చింది, నీళ్ళ మరకతో సహా. తర్వాత గీకేశాను. అందుకే ఆరలేదు."

జన్మలో ఉన్నదాన్ని మార్చని మనిషి!

"మరి నా పన్ను? కాస్త తిన్నగా పెట్టమని ఏడ్చాను. పెట్టావా?"

"నువ్వడిగింది అందం" అన్నాడు మామయ్య. "అమ్మ అడిగింది మనిషిని."

అమ్మతో ఏం చెప్పాలా అని దారంతా ఆలోచించి, "మామయ్య గోడకి రంగేశాడు, వాసన పోయి ఆరేదాకా ఆగమంటున్నాడు" అన్నాను. బొమ్మ గోడమీదే ఉంది కనుక అబద్ధం కాదు. మామయ్య దగ్గర ఒక పూట కూచుంటే నిజంలో మూలలు వెతకడం అబ్బుతుంది. "ఆ ముక్క ముందే చెప్పి ఏడవొచ్చుగా, వెధవ!" అని అమ్మ చల్లబడింది.

అమ్మమ్మ ఇంటికొచ్చిన రోజు అందరం హాల్లోనే ఉన్నాం. కోడలు తలుపు చాటున. మామయ్య తన పాదాలకేసి చూసుకుంటూ. అమ్మమ్మ కుర్చీలో కుదురుకుని, కొత్త కళ్ళజోడు తుడిచి పెట్టుకుని, బొమ్మకేసి చూసింది. కాసేపటికి కర్ర ఆనించుకుని లేచింది. దగ్గరికెళ్ళింది.

"ఈగ మరకుంది" అంది.

మామయ్య ఊపిరి పీల్చాడు.

"పగులుంది." వేలు జరుపుకుంటూ ఎడమ మూలకు వచ్చింది. అక్కడ ఆగింది.

"వచ్చాడు మహానుభావుడు, ఇన్నేళ్ళకి" అంది చివరికి. వెళ్ళి కుర్చీలో కూచుని, కాళ్ళు చాపుకుని, "వాన మొదలయ్యేలోపు ఇల్లు చేరతార్లే" అంది. ఆ మాట ఆవిడ నోట నేను వినడం అదే మొదటిసారి.

తర్వాత గాలి వాసన చూసింది. "అమ్మాయ్!"

"మామ్మగారూ" అంది కోడలు తలుపు చాటునుంచే.

"కాస్త టీ పెట్టు. అన్నట్టు, ఆ సబ్బు ఎక్కడుందే?"

కోడలు తలుపు చాటునుంచి సగం బయటికొచ్చింది.

"ఎక్కడుంటే అక్కణ్ణుంచి తీసి అటకమీద పడెయ్. ఇంకోసారి కడిగావంటే మళ్ళీ వేసే ఓపిక మావాడికి లేదు."

మామయ్య తలెత్తాడు. "నీకు… నీకెలా తెలుసమ్మా?"

"ఒంటినిండా నూనె కంపు కొట్టుకుంటూ వచ్చి, తుప్పమీద మరక గుండ్రమా కోలా అని అడిగితే, నా బొమ్మకేదో అయిందని తెలీదూ? ఏమవుతుంది? పిల్ల శుభ్రం పిల్ల. నేను మాత్రం? కాపరానికొచ్చిన కొత్తలో మా అత్తగారి గోడ గడియారం దింపి నీళ్ళలో ముంచి తోమలేదూ?" కోడలివైపు తిరిగి, "ఎంత తెల్లగా వచ్చిందో! టైమొక్కటే చూపించలేదు" అంది.

కోడలు ఏడుస్తూనే నవ్వింది.

"మరి చెప్పొచ్చు కదమ్మా! ఆరలేదని, ఆరలేదని నేను అక్కచేత తిట్లు తిని…"

"ఎందుకు చెప్తానురా? చెప్తే తుప్ప వేసేవాడివి!"

నిజంగానే తుప్ప వేసేవాడు మామయ్య.

కడిగిన బొమ్మ ఇప్పుడు కోడలి గదిలో ఉంది. అమ్మమ్మ పొద్దున్నే కర్ర పట్టుకుని అక్కడికెళ్ళి, "ఇక్కడ తెల్లారింది" అని చూసి, సాయంత్రం హాల్లోకి వచ్చి కూచుంటుంది. మేష్టారు ఒకసారి వచ్చి రెండూ చూసి, ఆత్మ గురించి ఒక ఉపన్యాసం ఇచ్చి, పోతూపోతూ "ఆ గొడుగాయన కింద నీడకి ఏం కలిపారండీ?" అని మామయ్యను చాటుగా అడిగారట.

ఒకసారి నియమం తప్పినవాడు రెండోసారి తప్పడా అని నాకు మళ్ళీ ఆశ పుట్టింది. పన్ను ఎలాగూ పాతదైంది, మార్చాలి కూడా.

"మామయ్యా, ఈసారైనా…"

మామయ్య పళ్ళ పట్టీ తీసి, నా గడ్డం పైకెత్తి, కళ్ళజోడు సర్దుకుని, ఎంతో శ్రద్ధగా చూశాడు. "చూద్దాంలే" అన్నాడు.

కొత్త పన్ను వచ్చింది. పక్కదాని మీదికెక్కే కూచుంది. అది నేను ఊహించిందే. ఊహించనిది, దాని అంచున సన్నటి గోధుమ చార.

"ఇదేంటి మామయ్యా? ఈ మరక పాత పన్నుకి లేదే!"

"పెట్టినప్పుడు లేదు. ఇన్నేళ్ళనుంచీ టీ తాగుతున్నావు కదే" అన్నాడు.